చీనావారి కుంపటి భోజనము

చీనాదేశమున 'హ్వోగ్వో' యను భోజనవిధము కలదు. హ్వో యనగా నిప్పు. గ్వో యనగా వంటపాత్ర. బల్ల నడుమ కుంపటి, కుంపటిపై సలసల కాగు చారు, చుట్టును పచ్చి పదార్థముల పళ్ళెరములు, వాని చుట్టును జనులు. ఎవరికి కావలసిన ముక్కను వారు పుల్లలతో పట్టి చారులో ముంచి, ఉడికినంతనే తీసి, నంజుకొనుటకుంచిన పచ్చడిలో అద్ది తిందురు. వండువాడును తినువాడును ఒక్కడే.

నేడు ఆ దేశపు నగరములందును, చీనావారు కాపురమున్న ఇతర దేశముల నగరములందును, ఈ భోజనమును తలకింత యని ఒక్క ధరకు పెట్టు శాలలు పెక్కు కలవు. ఆ ధర చెల్లించినవాడు తనకు తృప్తి కలుగువరకు ఏది కావలసిన నది, ఎంత కావలసిన నంత తినవచ్చును. ఆ ధరయు సామాన్యుడు ఇచ్చుకొనగలిగినదే. వినుటకిది చిన్న సంగతి. కాని "కడుపునిండ తినుడు" అను మాటను ఆ దేశమున ఒకప్పుడు చక్రవర్తి పలికెను. ఒకప్పుడు ప్రభుత్వము పలికెను. నేడు వర్తకుడు పలుకుచున్నాడు. ఆ మూడు మాటల ఫలితములును వేరువేరు. ఆ చరిత్రమును మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

ఈ వంట మిక్కిలి ప్రాచీనమైనది. జియాంగ్‌షీ రాష్ట్రమున నాన్‌చాంగ్ నగర సమీపమున ల్యూ హ అను ప్రభువు సమాధి కలదు. ఇతడు క్రీ. పూ. 74లో 27 దినములు మాత్రము చక్రవర్తిగా నుండి పదభ్రష్టుడై, క్రీ. పూ. 59లో మరణించెను. 2011 మొదలు జరిగిన త్రవ్వకములలో ఆ సమాధినుండి ఒక కంచుపాత్ర దొరికినది. దానికి క్రింద బొగ్గు లుంచుటకు పళ్ళెరము కలదు. లోపల ఏవో కాయల శేషములు మిగిలియున్నవి. జియాంగ్‌సూ రాష్ట్రమున అదే వంశపు మరియొక రాజు సమాధిలో ఐదు అరలు గల కంచుపాత్ర దొరికినది. ఒక్క పాత్రలో వేరువేరు రుచులను కలియకుండ కాచుకొను నేర్పు రెండువేల యేండ్లనాడే యుండె నన్నమాట.

పదుమూడవ శతాబ్దమున లిన్ హుంగ్ అను పండితుడు వంటలను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అతడు మంచు కురియు దినమున వూయీ పర్వతములలో నొక తపస్విని చూడబోయెను. కుందేలు చిక్కినది గాని దానిని వండువాడు లేడు. అప్పుడా తపస్వి యొక ఉపాయము చెప్పెను. మాంసమును పలుచగా తరిగి, మద్యముతోను మిరియములతోను ఊరవేసి, బల్లపై కుంపటి పెట్టి, పాత్రలో నీరు కాచి, అందరికిని పుల్ల లిచ్చిన చాలును. ఎవరి ముక్క వారే ముంచుకొందురు. లిన్ హుంగ్ దీని యందు మెచ్చుకొన్నది రుచి మాత్రమే కాదు. అందరును కలిసి కూర్చుండుటలోని వెచ్చదనము కూడ.

ఇక చక్రవర్తుల విందు. వృద్ధులగు మీకు ఇది ప్రత్యేకముగ వినదగినది. 1713లో కాంగ్‌షీ చక్రవర్తి తన షష్టిపూర్తి సందర్భమున దేశపు వృద్ధులను పిలిచి గొప్ప సంతర్పణ చేసెను. పిలువబడినవారిలో కొలువువారే కాక సామాన్య ప్రజలును గలరు. దీనికే పిమ్మట 'వేయి ముదుసళ్ళ విందు' అని పేరు వచ్చినది. 1722లో మరల జరిగెను. అతని మనుమడగు చ్యెన్‌లుంగ్ 1785లోను, కుమారునకు రాజ్యమప్పగించిన 1796లోను అట్టి విందులనే చేసెను. పిలువబడినవారు సుమారు మూడువేలు. చలికాలమున అన్నివేలమందికి వండినది వడ్డించునప్పటికే చల్లారును. కావున బల్లబల్లకును కుంపటిపాత్ర లుంచిరి. 1785 నాటి విందులో పెద్ద హోదా గలవారి బల్లలపై వెండి తగరపు పాత్రలు, తక్కినవారి బల్లలపై రాగి పాత్రలు. చారు ఒకటే గాని పాత్రలు ఒకటి కావు.

ఈ విందు వెలకు దొరకునది కాదు. ప్రభువు దయవలన దొరకునది. వచ్చినవారు కడుపునిండ తినిరి. రానివారి మాట వేరు. ఆ 1796లోనే హూబే, సచ్వాన్ ప్రాంతములలో పన్నుల బాధకును అధికారుల దోపిడికిని తాళలేని ప్రజలు శ్వేతపద్మ సంఘమువారితో చేరి తిరుగబడిరి. ఆ తిరుగుబాటు ఎనిమిదేండ్లకు పైగా సాగెను. దయకు హద్దు భవనపు గోడ.

గోడ వెలుపలి కుంపటిని చూతము. యాంగ్‌ట్సీ, జియాలింగ్ నదుల సంగమమున చుంగ్‌చింగ్ నగరము కలదు. పూర్వము ఆ రేవున పడవలను త్రాళ్ళతో ఏటి కెదురుగ లాగువారు, బరువులు మోయువారు వేలకొలది బ్రదుకుచుండిరి. పశువుల మంచి మాంసము ధనికుల పాలు. పొట్టలును ప్రేగులును చవుకగా దొరకునవి. చెంగ్‌డూ నవలాకారుడు లీ జియేరన్ 1940 దశకమున ఈ సంగతి నిట్లు వర్ణించెను. అంగడివాడు కావడిలో మట్టికుంపటిని, అరలుగల రేకు పళ్ళెమును తెచ్చి ఏటియొడ్డున నిలుచును. అందు కారపు చారు కాగుచుండును. కూలివాడు ఒక అరను తనదిగా చేసికొని, ముక్కలు కొని, తన అరలో ఉడికించుకొని తినును. ఎన్ని ముక్కలో అన్ని కాసులు.

ఒకే పాత్రలో నలుగురు పుల్లలు పెట్టుట ఎంగిలి గాదా యని మీరడుగవచ్చును. అరలు చేసినది అందుకే. చారు అడుగున కలియుచున్నను, ఒకని ముక్క మరియొకని అరలోనికి పోదు. ఎవరో ఎరుగనివారు ఒక్క కుంపటిచుట్టు కూర్చుండి, తగవు లేక తమ తమ పాళ్ళు తినుటకు ఆ రేకు గోడలే ధర్మశాస్త్రము. 1937 మొదలు 1946 వరకు చుంగ్‌చింగ్ యుద్ధకాలపు రాజధాని యయ్యెను. అన్ని రాష్ట్రములవారును ఆ నగరమునకు వలస వచ్చిరి. రేవు కూలీల కుంపటి అప్పుడు ఉద్యోగుల బల్లల కెక్కెను.

ఆ చారులోని కారము కూడ వలస వచ్చినదే. మిరపకాయ అమెరికాఖండమునకు చెందినది. చీనాలో దానిని 1591 నాటి గ్రంథమున గావో ల్యెన్ 'పరదేశపు మిరియము' అని పేర్కొని, తెల్లని పూలును ఎఱ్ఱని కాయలును గల అందమైన మొక్కగా వర్ణించెను. అప్పటికది చూచుటకే గాని తినుటకు కాదు. మనకును మిరప పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారివలన వచ్చినది. నేడు మన గుంటూరు, ఖమ్మము మండలముల 'తేజ' మిరపకాయలు చీనాకు విశేషముగ ఎగుమతి యగుచున్నవి. పరదేశపు కాయ మన నల్లరేగడిలో పండి, అచ్చటి కుంపటికి పోవుచున్నది.

ఇప్పుడు రెండవ మాట, అనగా ప్రభుత్వము పలికిన మాట, చెప్పవలసియున్నది. 1958లో చీనా ప్రభుత్వము గ్రామములను కలిపి 'ప్రజా కమ్యూను'లుగ నేర్పరచినది. ఇంటింట పొయ్యి మాని అందరును సామూహిక భోజనశాలలలో తినవలె నని యుత్తరువు. అట్టి శాలలు లక్షలకొలది వెలసినవి. పెక్కుచోట్ల ఇంటి ఇనుప పాత్రలను ఉక్కు చేయుటకై కొలుములలో కరిగించిరి. వెల లేదు, కొలత లేదు. పొట్టవిప్పి తినుడని చెప్పిరి. ఆ శరత్కాలమున జనులు నిజముగనే తినిరి. పంటలను గూర్చి అధికారులు పైవారికి గొప్పలు వ్రాసి పంపియుండిరి. గాదెలు నిండియున్నవని అందరును నమ్మిరి. కొలదినెలలలోనే పెక్కు శాలలందు ధాన్యము కొరవడెను. లేని పంటను లెక్కలో చూపినందున, ఆ లెక్కప్రకారము ప్రభుత్వము వసూలు చేసిన ధాన్యము రైతు తిండిగింజలనే హరించినది. సేద్యమునకు కావలసినవారు ఉక్కు కొలుములవద్ద నుండిరి. 1959 మొదలు 1961 వరకు కలిగిన కఱవున మరణించినవారు కోటిన్నర మొదలు నాలుగుకోట్లకు పైగా నుందురని చరిత్రకారులు వేర్వేరుగ అంచనా వేసిరి. తనదను పాత్ర యింట లేనివాడు, శాలలో గరిటె పట్టినవాని దయకు లోబడి చచ్చెను. 1961లో ఆ శాలలను ఎత్తివేసిరి. పట్టణములలో 1955లో పెట్టిన ధాన్యపు చీట్లు మాత్రము 1993 వరకు సాగినవి.

విచిత్రమేమన, ఆ 1958లోనే జపానుదేశమున టోక్యోనగరపు ఇంపీరియల్ హోటలువారు మరియొక విధముగ ఆ మాటనే పలికిరి. ఐరోపా ఉత్తరదేశముల ఆచారమును చూచి, పదార్థములను బల్లపై పరచి, ఒక్క ధరకు ఎంతయైన తినవచ్చునని ప్రకటించిరి. దానికి 'వైకింగ్' అని పేరు పెట్టిరి. నేటికిని జపానువారు ఇట్టి భోజనమును ఆ పేరుతోనే పిలుతురు. ఇట్టి పద్ధతి తూర్పు ఆసియాయంతట వ్యాపించి, చీనా కుంపటితో చక్కగ కుదిరినది.

కుదురుటకు కారణములు కలవు. తినువాడే వండుకొనును గనుక వంటవారి కూలి తగ్గును. కూరలు, దుంపలు, సేమ్యాలు, సోయా గింజల పాలవిరుగుడు చవుక; వీనిని చేతికందునట్లు ముందుంచుదురు. కారపు చారు దాహమును పుట్టించును. నీరు త్రాగిన కడుపు త్వరగ నిండును. ఒకడు మిక్కిలి తినును, వేరొకడు కొంచెమే తినును; వందమందిని లెక్కించిన సగటు నిలకడగ నుండును. వర్తకుడు ఒక్కొక్కని ఆకలిని లెక్కింపడు. వందమంది ఆకలిని లెక్కించును.

చుంగ్‌చింగ్‌లో అట్టి శాలయందు నేనును భోజనము చేసితిని. పాత్ర రెండు భాగములు. ఒకవైపు కారము, ఒకవైపు చప్పిడి. దీనిని వారు 'యువాన్‌యాంగ్' పాత్ర యందురు. మన కవుల జక్కవలవలె ఆ పక్షుల జంట వారికి దాంపత్యమునకు గుఱుతు. నేను తామరదుంపలు, పుట్టగొడుగులు, ఆకుకూరలు తీసికొంటిని. మా ప్రక్కబల్లవద్ద పడుచువారు పళ్ళెరములు గోపురమువలె పేర్చుచుండిరి. వారి కెదురుగ నొక వృద్ధ దంపతులు ఒక్కొక్క పళ్ళెరమే తెచ్చి, అది ముగిసిన పిమ్మట లేచి మరియొకటి తెచ్చుకొనుచుండిరి. గోడపై రెండు నిబంధనలు వ్రాయబడియుండెను: కూర్చుండుటకు రెండు గంటలు, వదలిపెట్టినదానికి వేరుగ రుసుము. 2021 ఏప్రిలులో చీనావారు చేసిన ఆహార దుర్వ్యయ నిషేధ చట్టము ఈ రుసుమును అనుమతించుచున్నది. కాని దానిని ముందుగనే అందరికిని తెలియునట్లు ప్రకటింపవలెను.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. కాకతీయులనాటి ఓరుగల్లు ముచ్చటలు చెప్పు క్రీడాభిరామమున పూటకూళ్ళయింట ఒక్క రూకకు దొరకు చక్కని భోజనము వర్ణింపబడియున్నది. పూటకూళ్ళమ్మకును తన గాదె లెక్క తెలియకుండునా?

మూడు మాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. చక్రవర్తి పెట్టినది దానము, అది పిలువబడినవారికే. కమ్యూను పెట్టినది లెక్క లేని వాగ్దానము. అది పిలిచినవారిని, పిలువబడినవారిని కూడ ముంచినది. వర్తకుడు పెట్టునది లెక్కతో గూడిన వాగ్దానము. అందు దయ లేదు గాని మరునాడును పొయ్యి వెలుగును. ఆకలిగొన్నవానికి ఈ మూడును చాలవు. వర్తకుని ద్వారమున ఆ ఒక్క ధర లేనివాడు నేటికిని వెలుపలనే నిలుచును. వానికి పెట్టవలసినది ఊరే. ఆ ఊరికి పెద్దలు మీరు. సంతర్పణ తలపెట్టినప్పుడు విస్తళ్ళకంటె ముందు గాదెను చూచుకొనుడు; ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుడు; లేనిదానిని ఉన్నదని ఎవ్వరును మీచేత చెప్పింపనీయకుడు.