‘వెంట్’ రూప చరిత్ర: తెలుగు ‘వచ్చు’ క్రియతో ఒక పోలిక

ఉపోద్ఘాతం:

ఆంగ్లంలో ‘గో’ క్రియకు భూతకాల రూపం ‘వెంట్’. ఈ రెండింటిలో ఒక్క ధ్వని కూడా ఉమ్మడిగా లేదు. దీనిని అపవాదంగా చెప్పి కంఠస్థం చేయించడం బోధనలో పరిపాటి. ఆ అపవాదం వెనుక ఉన్న చరిత్రను వివరించి, తెలుగు ‘వచ్చు’ క్రియారూపాలతో పోల్చడం ఈ వ్యాస ఉద్దేశం.

1. రెండు క్రియల కలయిక:

ప్రాచీన ఆంగ్లంలో ‘వెళ్లు’ అనే అర్థంలో ‘గాన్’ క్రియ ఉండేది. దాని భూతకాల రూపం ‘ఏఒదె’. అది కూడా వేరొక ధాతువు నుంచి ఏర్పడినదే. ‘వెంట్’ మాత్రం ‘వెండన్’ అనే మరో క్రియకు చెందినది. ‘వెండన్’ అంటే తిప్పు, మళ్లు. మెలితిప్పు, చుట్టు అనే అర్థాలు గల ‘విండన్’కు ఇది ప్రేరణార్థక రూపం. మళ్లడం అనే అర్థం నుంచి ఒక దిక్కుగా సాగిపోవడం అనే అర్థం ఏర్పడింది. అర్థం ఇలా చేరువైన తరువాత, మధ్యయుగ ఆంగ్లంలో ‘వెంట్’ పాత భూతకాల రూపాన్ని తొలగించి, సుమారు 1500 నాటికి ‘గో’కు స్థిరపడింది. తన రూపాన్ని కోల్పోయిన ‘వెండ్’ క్రియకు ‘వెండెడ్’ అనే కొత్త భూతకాల రూపం ఏర్పడింది. స్కాట్స్ భాషలో ‘గో’ ధాతువు నుంచే కల్పించుకొన్న ‘గేడ్’ వాడుకలోకి వచ్చింది.

2. ఆదేశ భావన:

భిన్న ధాతువుల రూపాలు ఒకే క్రియకు చేరడాన్ని ఆధునిక భాషాశాస్త్రం ‘సప్లీషన్’ అంటుంది. పాణిని ‘అస్’ ధాతువుకు ‘భూ’ను ఆదేశంగా విధించడం ఇటువంటి స్థితినే వర్ణిస్తుంది. ఆదేశసూత్రం రూపాల వినియోగాన్ని తెలుపుతుంది. ఆ రూపాలు ఎలా కలిశాయో చరిత్ర తెలుపుతుంది.

3. తెలుగు ‘వచ్చు’, ‘రా’:

‘వచ్చాడు’, ‘రాడు’ రూపాలను చూస్తే తెలుగులోనూ రెండు ధాతువులు కలిశాయనిపిస్తుంది. తులనాత్మక పరిశీలన ఇందుకు భిన్నమైన నిర్ణయానికి దారితీస్తుంది. తమిళ ‘వా’, ‘వరు’ రూపాలతో పాటు తెలుగు ‘వచ్చు’, ‘రా’లను కూడా బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఒకే ఆరోపం కింద చేర్చింది. వర్ణవ్యత్యయం వల్ల ‘వర్-’ ‘వ్రా’గా మారి, పదాది వకారం లోపించగా ‘రా’ మిగిలింది.

ముగింపు:

రూపభేదం రెండు భాషల్లోనూ ఒకే తీరుగా కనిపిస్తుంది. కారణాలు మాత్రం వేరు: ఆంగ్లంలో ధాతువుల కలయిక, తెలుగులో ధ్వనిపరిణామం. కాబట్టి రూపభేదాన్ని మాత్రమే చూసి ధాతుభేదాన్ని నిర్ణయించడం సరికాదు. పూర్వరూపాలు, సోదరభాషల సాక్ష్యం రెండూ అవసరం. తరగతి గదిలో అపవాదమని దాటవేసే రూపమే భాషాచరిత్రకు విలువైన ఆధారమవుతుంది.