మోటుపల్లి అభయశాసనము

చిత్తూరు జిల్లాకు సముద్రతీరము లేదు. ఓడను కంట జూడకయే జీవితము గడపినవారు ఈ ప్రాంతమున పెక్కుమంది. అయినను కర్పూరహారతి కన్నుల కద్దుకొనని యిల్లు లేదు. తిరుమలలో శుక్రవారాభిషేకమునకును పచ్చకర్పూరము వలయును. పూర్వకాలమున ఆ కర్పూరము సుమత్రా ద్వీపమునుండియు, చీనాదేశమునుండియు ఓడలపై వచ్చినదే కాని ఇచ్చటి చెట్టున పుట్టినది కాదు. దానిని దెచ్చిన నావికుల పేరులు లోకమునకు దెలియవు. అట్టివారి కష్టమును దలచి నిలిపిన శిల యొకటి తెలుగునాట గలదు.

బాపట్ల జిల్లా చినగంజాము మండలములోని మోటుపల్లి నేడొక గ్రామము. కాకతీయుల కాలమున నది దేశియుయ్యకొండపట్టణమను మాఱుపేరు గల గొప్ప రేవు. అచ్చటి వీరభద్రస్వామి యాలయమున గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166, క్రోధి సంవత్సరమున, అనగా క్రీ. శ. 1244 ప్రాంతమున, వేయించిన శాసనస్తంభమున్నది.

పూర్వపు రాజుల యాచారమును ఆ శాసనమే చెప్పుచున్నది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బోవుచు, తుపానునకు జిక్కి, పగిలి, దరికి గొట్టుకొని వచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును వారు బలాత్కారముగా గైకొనుచుండిరి. కడలి మ్రింగక విడిచినదానిని కొలువువారు మ్రింగుచుండిరన్నమాట. ఇది తెలుగుతీరమునకే చెందిన దోషము కాదు. మలబారు తీరమున ఏలి రాజ్యమువారు, గాలివాటున వచ్చిపడిన యోడను దైవమిచ్చినదని దోచుకొందురని వెనీసు యాత్రికుడు మార్కోపోలో వ్రాసియున్నాడు.

గణపతిదేవు డీ యాచారమును మాన్పెను. సముద్రయానమను మహాసాహసమునకు బూనిన వర్తకులకు ధనము ప్రాణముకంటెను గొప్పదని తలచి, దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియమించిన సుంకము దప్ప తక్కిన దంతయు వారికే విడిచిపెట్టెను. ఎగుమతికైనను దిగుమతికైనను సుంకము ముప్పదింట నొకటి. అనగా మూడువందల వరహాల సరకునకు పది వరహాలు. గంధము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మొదలగువాని సుంకములు కూడ రాతిపై జెక్కబడినవి. రేవున దిగిన పరదేశికి తాను చెల్లింపవలసిన దెంతయో ముందే తెలిసెను. అధికారి యిష్టమున కెడము తగ్గెను.

ఇందు దయయు లాభమును గలిసియున్నవి. నిర్భయముగా సరకు దింపగల రేవునకే యోడలు వచ్చును. ఓడలు వచ్చిననే రాజ్యమునకు సుంకమును, సేనకు గుఱ్ఱములును సమకూరును. అంతమాత్రమున దయ తఱుగదు.

తరువాత రుద్రమదేవి కాలపు మోటుపల్లిని మార్కోపోలో ముత్ఫిలి యని పేర్కొని, అచ్చటి వజ్రములను, సన్నని వస్త్రములను, రాణి న్యాయపాలనమును ప్రశంసించెను. ఆమెను పూర్వరాజు వితంతువని యతడు తలచెను. నిజమునకామె గణపతిదేవుని కుమార్తె. కాకతీయ రాజ్యము 1323లో నశించిన పిమ్మట, 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డి యదే రేవున వర్తకులకు మఱల నభయశాసన మొసగెను. రాజవంశములు మాఱినను, ఓడవారి కభయ మీయవలెనను బుద్ధి నిలిచినది.

అయినను ఒక లోటు చెప్పక తప్పదు. శాసనము వర్తకుని సరకును గాచినది కాని, చుక్కాని బట్టినవాని పేరును, తెరచాప లాగినవాని పేరును చెక్కలేదు. సామాన్య నావికుల స్మారకమునకు చాలకాలము పట్టినది. మొదటి ప్రపంచయుద్ధమున ప్రాణములు గోల్పోయిన 896 మంది లాస్కరు నావికుల జ్ఞాపకార్థము కలకత్తాలో హుగ్లీతీరమున 1924లో స్మారకమొకటి వెలసినది. అది మరణించినవారిని స్మరించును. మోటుపల్లి స్తంభము బ్రదికి దరిజేరినవారిని రక్షించినది. రెండును గౌరవములే. బ్రదికియుండగా జేసిన గౌరవము కష్టజీవికి మఱింత యక్కఱకు వచ్చును.

గ్రంథాలయమున చరిత్ర జదివినవారు అవకాశము గలిగినప్పుడు మోటుపల్లికి బోయి యా స్తంభమును జూచి రావలెను. పోలేనివారు ఇంట కర్పూరము వెలిగించు వేళ, దానిని మోసి తెచ్చిన యజ్ఞాత నావికుల నొక్కసారి తలచుకొందురుగాక.