విమానం ముందొచ్చింది, రైలు తర్వాతొచ్చింది

లేపాక్షిలో ఏ గైడును కదిపినా ముందు జటాయువు కథే ఎత్తుకుంటాడు. రావణుడి కత్తికి రెక్క తెగి ఆ పక్షి పడింది అక్కడేనట, రాముడు ‘లే పక్షీ’ అన్నాడట, అదే ఊరి పేరైందట. పండితులు ఒప్పుకోకపోతే మానె. మా ప్రాంతంలో ఆకాశం నుంచి మొదట దిగిందెవరని అడిగితే నేను జటాయువు పేరే చెబుతాను. ఆ తర్వాత పుట్టపర్తిలో రన్‌వే పడేదాకా, అంటే 1990 దాకా ఆగాల్సి వచ్చింది.

మధ్యలో చాలానే జరిగింది. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు వందలాది ఏనుగుల మీద ఖజానా వేసుకుని పెనుకొండ చేరాడంటారు. మూడు వందల ఏళ్లు గడిచాక, 1890లలో, గుంతకల్లు–బెంగళూరు మీటరుగేజి రైలు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా కూతపెట్టుకుంటూ పోయింది. చిత్రావతి ఒడ్డున ఉన్న పుట్టపర్తిని మాత్రం పలకరించలేదు. గొల్లపల్లి అనే ఊరు పాము శాపంతో పుట్టలమయమై పుట్టపర్తి అయిందన్న కథ తప్ప, అన్ని వందల ఏళ్లలో ఆ పల్లె గురించి జనం నోట మిగిలింది తక్కువే.

సత్యసాయిబాబా పేరు విని 1940లలో భక్తులు రావడం మొదలయ్యాక దారి కష్టాలు బయటపడ్డాయి. పెనుకొండలో రైలు దిగాలి, బస్సెక్కాలి, ఆ పైన ఎద్దుల బండి. ఏటి ఇసుకలో చక్రం దిగబడితే అందరూ దిగి తొయ్యాల్సిందే. మొలతాడు దాకా నీళ్లుంటే మూటలు నెత్తికెక్కేవి. 1950 నవంబరు 23న బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయం తెరిచినప్పుడూ దారి తీరు పెద్దగా మారలేదు.

సరిగ్గా నలభై ఏళ్లకు, బాబా 65వ జన్మదినం జరిగిన 1990 నవంబరులో, ఆ పల్లెకు విమానాశ్రయం వచ్చేసింది. కట్టించింది సర్కారు కాదు, సత్యసాయి సెంట్రల్ ట్రస్టు. దాని కోడు మూడే అక్షరాలు, పీ యూ టీ. కలిపి చదివితే ‘పుట్’. పుట్టలో సగం!

ఆ రోజుల్లో మా నాన్న ఓ ఆదివారం నన్ను ధర్మవరం నుంచి ఆర్టీసీ బస్సులో తీసుకెళ్లాడు. దర్శనానికి కాదు, విమానం చూడ్డానికి. కంచె బయట చిన్నపాటి తిరునాళ్ల. ఉడకేసిన శెనక్కాయలు కాగితం పొట్లాల్లో అమ్ముతున్నారు. వేడికి కాగితం తడిసి అక్షరాలు వేళ్లకు అంటుకున్నాయి. మోడం పట్టిందేమోనని తప్ప పైకి చూడని జనం, ఆ వేళ మెడలు నొప్పి పుట్టేదాకా చూశారు. చివరికి రెక్కలకు ఫ్యాన్లున్న చిన్న విమానం ఒకటి కొండల మీద నుంచి వచ్చి, ఎర్రదుమ్ము రేపుకుంటూ దిగింది. పక్కనున్న అవ్వ రెండు చెవులూ మూసుకుని, “ఇంత ఉరుముతాండాది కదప్పా, వానేమన్నా పడ్తాదేమో!” అంది. ఎవరూ నవ్వలేదు. అనంతపురంలో అది నవ్వే విషయం కాదు.

ఇక్కడి నుంచి కథ వరస తప్పుతుంది. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు వచ్చి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభించారు. రైలు స్టేషను తెరిచింది 2000 నవంబరు 23న. అంటే ఎద్దుల బండి తర్వాత విమానం, విమానం తర్వాత పదేళ్లకు రైలు! 2008లో దేవనహళ్ళిలో బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరుచుకున్నాక, రోడ్డు మీద రెండు మూడు గంటల దూరంలో అంత పెద్దది ఉండగా ఈ చిన్నదాన్ని తలిచేవాళ్లు తగ్గారు. 2011 ఏప్రిల్‌లో బాబా వెళ్లిపోయారు. కడసారి చూపుకు మన్మోహన్‌సింగ్, సోనియాగాంధీ వచ్చారు. 2022లో పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. మొన్న 2025 నవంబరులో శత జయంతికి ప్రధాని, రాష్ట్రపతి వచ్చారు. ఆ నాలుగు రోజులూ రన్‌వేకి మళ్లీ పండగే. రోజువారీ టికెట్ విమానం మాత్రం లేదు.

ఆ వేడుకలయ్యాక మా పిన్ని కొడుకు అమెరికా నుంచి దేవనహళ్ళిలో దిగి, ట్యాక్సీలో పుట్టపర్తి మీదుగా ధర్మవరం వచ్చాడు. ఎయిర్‌పోర్టు గోడ కనిపించగానే, “ఇక్కడే దిగుంటే అరగంటలో ఇంట్లో ఉండేవాణ్ణి కదన్నా!” అన్నాడట డ్రైవరుతో.

“ఈడ దిగాలంటే ప్రధానమంత్రన్నా కావాల, సొంత విమానమన్నా ఉండాల సార్. నీకేముండాది?”