వరుసలోనికి రాలేనివారు: కరువు సహాయ చరిత్రనుండి సంఘమునకు కొన్ని పాఠములు

1. ఉపోద్ఘాతము

యెరూషలేము సంఘములో విశ్వాసుల మధ్య పుట్టిన మొదటి సణుగు సిద్ధాంతమును గూర్చినది కాదు, అన్నము పంపకమును గూర్చినది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము ప్రకారము గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రు అనుదిన పంపకములో విడిచిపెట్టబడ్డారు. అక్కడ ఆహారమునకు కొదువ లేదు. ఇచ్చే మనసుకు కూడా కొదువ లేదు. అయినను కొందరి చేతికి అది అందలేదు. సహాయ పరిచర్య చరిత్ర అంతటిలోను ఈ ప్రశ్న మరల మరల ఎదురవుతూనే ఉంది. ఎంత పంచాము అనుటతో పాటు ఎవరికి చేరలేదు అని కూడా అడిగినప్పుడే ఆ చరిత్ర మనకు పూర్తిగా అర్థమవుతుంది. ఈ వ్యాసములో మన ప్రాంతపు గొప్ప కరువైన 1876-78 కరువునుండి మొదలుపెట్టి, వికలాంగులు, స్త్రీలు, వృద్ధులు, పిల్లలు సహాయములో ఎట్లు విడువబడ్డారో, ఎట్లు గుర్తింపబడ్డారో పరిశీలించుదము.

2. ధాత కరువు: కండబలమే అర్హత

1876లో వర్షములు తప్పిపోయాయి. మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దారుణముగా దెబ్బతిన్నాయి. ధాత నామ సంవత్సరములో వచ్చినది గనుక ప్రజలు దీనిని ధాత కరువు అన్నారు. బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే సుమారు 55 లక్షలమంది మరణించారని ఒక అంచనా.

1877 ఆరంభములో రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్‌ను ఖర్చు తగ్గించుటకై మద్రాసుకు పంపారు. ఆయన నిర్ణయించిన కూలి పనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము, దానితో కొద్దిపాటి డబ్బు. స్త్రీకి, పనిచేయు బిడ్డకు అంతకంటె తక్కువ. మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించారు. మట్టి పని చేయువానికి కనీసము ఒకటిన్నర పౌను ధాన్యము, పప్పు, కూరలు కావలెనని వాదించారు. ఆ వాదనవలన మార్చిలో కూలి కొంత పెరిగింది.

అయితే ఈ వాదమంతయు పని చేయగలవారిని గూర్చినది. సహాయమునకు మొదటి ద్వారము పని. గడ్డపార ఎత్తగలవాడు, గంప మోయగలది, పని జరుగు చోటికి నడిచి వెళ్లగలవాడు అర్హుడు. గ్రుడ్డివాడు, కుంటివాడు, బాలెంత, ముసలివాడు ఆ ద్వారమును ఎట్లు దాటగలరు? వారికొరకు ఉచిత సహాయము, శిబిరములు ఉన్నవి గాని, శిబిరమునకు చేరవలెనన్నను నడవవలసిందే. నడవలేనివానికి నడిచి రమ్మని చెప్పిన సహాయము అది.

3. ఒంగోలు అనుభవము

ఈ కరువులో మన సంఘ చరిత్రకు సుపరిచితుడైన అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసుకున్నారు. యౌవనములో సర్వే పని నేర్చిన అనుభవము ఆయనకు తోడ్పడింది. ఇతర పనిచోట్ల మాదిగలు, మాలలు మేస్త్రీలచేత అణగద్రొక్కబడుచుండగా, ఇక్కడ ఆయన తన ప్రసంగీకులనే మేస్త్రీలుగా నియమించారు. కూలి కష్టపడినవాని చేతికే చేరింది. కులము కారణముగా వెలివేయబడినవారికి ఇది నిజమైన న్యాయము. కరువు సాగుచున్న కాలములో ఆయన బాప్తిస్మములను ఆపివేశారు. అన్నము కొరకు విశ్వాసమును అమ్ముకొనుటకు తావియ్యకూడదని ఆయన తలంపు. కరువు తీరిన పిమ్మట 1878 జూలై 3న వెలుంపిల్లి వద్ద ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందుట ప్రసిద్ధమే.

ఈ సంగతిని మనము అతిశయముతో చెప్పుకొనుచున్నాము, చెప్పుకొనవలసిందే. అయితే ఒక మాట గమనించవలెను. కులపు గోడను కూల్చిన ఆ ఏర్పాటు కూడా పని అను ద్వారముగుండానే నడిచింది. ఒక అడ్డు తొలగినంత మాత్రమున అన్ని అడ్డులు తొలగవు. దళితుడైన కూలివానికి చేరిన కాసు, అదే పల్లెలో మంచము పట్టిన అతని తల్లికి అతని ద్వారానే చేరవలెను. కుమారుడు లేని తల్లి మాటేమిటి?

4. కరువు నియమావళి: పేరు వ్రాసుకొనుట

ఇంతటి మరణముల తరువాత 1878లో సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమీషను ఏర్పడింది. 1880లో దాని నివేదిక, 1883లో కరువు నియమావళి ముసాయిదా వచ్చాయి. వీటిలో ఒక గొప్ప మలుపు ఉంది. పని చేయలేనివారిని వేరుగా గుర్తించి, గ్రామాధికారుల ద్వారా వారి జాబితా వ్రాయించి, వారున్న గ్రామములోనే ఉచిత సహాయము ఇవ్వవలెనని నియమించారు. గ్రుడ్డివారు, వికలాంగులు, వృద్ధులు, ఆచారమునుబట్టి బయటకు రాలేని స్త్రీలు ఆ జాబితాలో ఉన్నారు. మనిషి సహాయము దగ్గరకు వచ్చుటకు బదులు సహాయమే మనిషి దగ్గరకు వెళ్లవలెనను తలంపు చట్టములోనికి ప్రవేశించింది.

అయినను పుస్తకములోని నియమము దానంతట అదే అన్నము పెట్టదు. 1943 బెంగాలు కరువులో ప్రభుత్వము కరువును ప్రకటించలేదు, నియమావళిని అమలుపరచలేదు. మరొక లోపము కూడా ఉంది. ఈ నియమావళి బలహీనులను జాలికి పాత్రులుగా చూచినదే గాని, వారి మాట వినవలెనని అనుకొనలేదు.

5. సముద్రము చూపిన లెక్క

విపత్తు అందరిని సమానముగా కొట్టుననుట సత్యము కాదు. 1991 బంగ్లాదేశ్ తుఫానులో 20-44 సంవత్సరముల వయస్సువారిలో వెయ్యికి 15 మంది పురుషులు చనిపోతే, స్త్రీలు 71 మంది చనిపోయారు. 2004 డిసెంబరు 26 సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో మరణించిన పురుషులు 146, స్త్రీలు 391 మంది అని లెక్కలు చెప్పాయి. పురుషులు పడవలలో లోతు నీటిలో ఉండగా, చేపల కొరకు స్త్రీలు ఒడ్డున వేచి ఉండుట ఒక కారణము. చంకలో బిడ్డ, కాళ్లకు చుట్టుకొను చీర, ఈత రాకపోవుట ఇతర కారణములు. 2011లో జపాను సునామీ మృతులలో సగము కంటె ఎక్కువమంది అరువదియేండ్లు దాటినవారు.

ఇట్టి అనుభవములనుండి నియమములు మారుచూ వచ్చాయి. 2006 ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 11వ అధికరణము విపత్తులలో వారి రక్షణను ప్రభుత్వముల బాధ్యతగా చేసింది. 2007లో భారతదేశము దానిని ధ్రువీకరించింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టము 8వ సెక్షను అదే మాట చెప్పుచున్నది. 2018లో వృద్ధులను, వికలాంగులను సహాయములో చేర్చుకొనుటకు ప్రత్యేక ప్రమాణములు వెలువడ్డాయి. 1883 నాటి జాలి ఇప్పుడు హక్కుగా మారింది. జాబితాలో పేరుగా ఉన్నవారు నిర్ణయములో పాలివారు కావలెనని ఈ ప్రమాణములు కోరుచున్నవి.

6. వాక్యపు వెలుగులో

ఈ తలంపు సంఘమునకు క్రొత్తది కాకూడదు. మెఫీబోషెతు ఎట్లు కుంటివాడాయెను? యుద్ధవార్త విని దాది అయిదేండ్ల బిడ్డను ఎత్తుకొని పరుగెత్తగా వాడు పడిపోయాడు (2 సమూ. 4:4). విపత్తే అతనిని వికలాంగుని చేసింది. దావీదు అతనిని వెదకి, లోదెబారుకు మనుష్యులను పంపి రప్పించాడు (2 సమూ. 9:5). తరువాత అతనికి దొరికినది గడపలో పడవేసిన ముద్ద కాదు, రాజు బల్లయొద్ద స్థానము. అపొస్తలులు కూడా ఫిర్యాదు చేసినవారిని గద్దించలేదు. ఏర్పరచబడిన ఏడుగురివి గ్రీకు పేర్లు. విడువబడినవారి పక్షమునకే పంపకపు బాధ్యత అప్పగింపబడినదని దీనినుండి గ్రహించవచ్చును.

7. ముగింపు

కొన్నేండ్ల క్రిందట వరద వచ్చినప్పుడు, మా మందిరము ముందు బియ్యము, దుప్పట్లు పంచాము. చీటీలిచ్చి, వరుస నిలిపి, ఎంతో క్రమముగా చేశామని సంతోషించాను. మరునాడు ఒక వీధిలో చూపులేని వృద్ధుడొకడు, మోకాళ్లు పట్టేసిన అతని భార్య ఆకలితో కూర్చుండుట చూచాను. వారు మా సంఘస్థులే. చీటీ సంగతి ఎవరును వారికి చెప్పలేదు. తప్పు ఏర్పాటుది, ఏర్పాటు నాది. మేము నిలిపిన వరుసే వారికి అడ్డుగోడ అయింది.

ప్రియ సహకాపరులారా, సెమినరీ విద్యార్థులారా, మనకు క్రొత్త జాబితాలు అవసరము లేదు. మందిరమునకు రాలేని రోగులకు, వృద్ధులకు నెలనెల ప్రభు బల్లను ఇంటికి తీసుకొని వెళ్లుచున్నాము. వారి పేర్లు, వీధులు మనకు కంఠతా వచ్చును. ఆ పేర్లే వరద రాకముందు సహాయ జాబితాలో మొదట వ్రాయుదము. పంపకపు కమిటీలో ఒక విధవరాలిని, ఒక వికలాంగుని కూర్చుండబెట్టుదము. పంపకము ముగిసిన సాయంకాలము ఎవరు రాలేదని ఒక్కసారి అడుగుదము. రొట్టెను ఇంటింటికి మోసుకొని వెళ్లగలిగిన మనము బియ్యమును మోసుకొని వెళ్లలేమా?