చిరునామాలో మిగిలిన పల్లెలు



మీ యింట అటకమీద తాతలనాటి ట్రంకుపెట్టె ఏదైన ఉన్నయెడల ఒకసారి దించి చూడుడి. అడుగున ఒక పాత కార్డుముక్క దొరకవచ్చును. సిరా వెలిసి లోపలి సంగతి చదువ వీలు కాకపోవచ్చును. అయినను చిరునామా వైపు త్రిప్పి చూడుడి. అక్కడ ఒక మనిషి పేరు, పల్లె పేరు, పోస్టాఫీసు, తాలూకా, జిల్లా వరుసగా నుండును. ప్రక్కన గుండ్రని ముద్రలో తేదీ యుండును. ఆ నాలుగు పంక్తులు ఒక పల్లెను గూర్చిన చరిత్ర యని మీరెన్నడైన తలంచితిరా?

మనము గుడిలో చదువుకొను పత్రికలను జ్ఞాపకము చేసికొనుడి. కొలొస్సయి పట్టణము నేడు టర్కీ దేశములో ఒక మట్టిదిబ్బ మాత్రమే. దాని వీధులు, అంగళ్లు నశించినవి. అయినను అక్కడి విశ్వాసులకు ఎవరో ఒక ఉత్తరము వ్రాసి, ఎవరో దానిని మోసికొనిపోయి, ఎవరో భద్రపరచినందున ఆ ఊరి పేరు కృష్ణాతీరపు పల్లెలలో సైతము నేటికిని వినబడుచున్నది.

ఇప్పుడు మన సీమ సంగతి చూతము. 1854 అక్టోబరు 1వ తేదీనుండి హిందూదేశమంతట ఒకే విధమైన తపాలా రుసుము ఏర్పడెను. పావుతులము బరువుగల ఉత్తరము అర్ధణాకే, ఎంత దూరమైనను చేరసాగెను. మరుసటి సంవత్సరము 1855లో బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియాయెను. కాలువలు సాగినకొలది వాటి గట్లవెంట జనము పెరిగి, పాలెములు, పేటలు విస్తరించెను. 1879లో కాని వెలకు కార్డు వచ్చెను. 1880లో తపాలావారి మనియార్డరు వచ్చెను. బీదవాని గడపకును ఉత్తరము వచ్చు కాలము ఆరంభమాయెను.

అయితే ఆ బీదవాని పల్లె సర్కారు లెక్కలలో ఎట్లుండెను? కరణముగారి లెక్క ముఖ్యముగా భూమి శిస్తుకొరకు వ్రాయబడినది. అందులో పొలము, దాని హక్కుదారుడు కనబడుదురు. ఊరి చివరి మాలపల్లె, మాదిగపల్లె, సముద్రపుటొడ్డున చేపలు పట్టువారి పల్లెపాలెము పెద్ద గ్రామమునకు శివారులుగా కలిసిపోయినవి. సెంటు భూమి లేనివానికి ఆ పుస్తకములో చోటు తక్కువ.

తపాలావాని అవసరము వేరు. ఈ ఉత్తరము ఎవరికి, ఏ పేటలో వారికి, ఏ దారిని పోవలెను అని అతడు చూచును గాని, వారికి ఎన్ని యెకరములున్నవని చూడడు. ఈ అవసరమునుబట్టియే తపాలాశాఖవారు 19వ శతాబ్దపు చివరి భాగములో గ్రామముల పేర్లను అక్షరక్రమముగా కూర్చి, ఏ ఊరికి ఏ పోస్టాఫీసునుండి ఉత్తరములు పంచబడునో తెలుపు పుస్తకములు అచ్చువేయించిరి. పల్లె చిన్నదైనను పేరు లేనిదే ఉత్తరము చేరదు గదా!

ఇట్టివాటిని వెదకువారు పేర్ల మార్పులను ఎరిగియుండవలెను. బెజవాడ 1949లో విజయవాడ ఆయెను. దొరలు ఎల్లోర్ అని వ్రాసినది ఏలూరు. మసూలిపటం అన్నది మన బందరు. గుంటూరు సీమ 1859 మొదలు 1904 వరకు కృష్ణాజిల్లాలో ఉండెను. కాబట్టి 1890నాటి కార్డుమీద తెనాలి, కృష్ణాజిల్లా అని యున్నయెడల తప్పని త్రోసివేయకుడి. 1925లో పశ్చిమగోదావరి, 2022లో ఏలూరు, ఎన్.టి.ఆర్. జిల్లాలు ఏర్పడినవి. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. ముద్ర చెరిగిపోయినను చిరునామాలో ఆ ఆరంకెలున్నయెడల ఉత్తరము అటు తరువాతిదని తెలిసికొనవచ్చును.

చదువరీ, ఇది పాత కాగితముల సరదా మాత్రమే కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు తీరమును ఉప్పెన ముంచెను. సుమారు 30,000 మంది నశించిరి. 1977 నవంబరు 19న దివిసీమమీద మరల ఉప్పెన వచ్చెను. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లలో మనుష్యులతోకూడ ఇండ్లు, పెట్టెలు, పెండ్లి పత్రికలు, ఉత్తరములు నీటిపాలాయెను. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. అంకె మిగిలినది. పేర్లు ఎక్కడ దొరకును?

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. ఉత్తరము వ్రాసిన యింట నిలువదు; చేరిన యింట నిలుచును. దివిసీమనుండి అక్క వ్రాసిన కార్డు విజయవాడలో తమ్ముని పెట్టెలో నుండవచ్చును. మునిగిపోయిన పాలెము జ్ఞాపకము, మునగని ఊరిలో దాగియుండవచ్చును. ఒక పల్లె చరిత్ర మరియొక పల్లె అటకమీద నున్నది. కాబట్టి మీ యింటి పెట్టె మీది మాత్రమే కాదు.

తపాలా కచేరీలోనే అన్నియు దొరకునని తలంచవద్దు. దినదినము వ్రాసిన పుస్తకములను నియమిత కాలము గడచిన తరువాత వారు తీసివేయుదురు. ఎవరును ఉత్తరము వ్రాయని మనుష్యులు కూడ ఎందరో యుండిరి. వారికొరకు సంఘపు బాప్తిస్మపు పుస్తకమును, సమాధుల పుస్తకమును తెరువవలెను. మాల కుటుంబమున పుట్టిన పగోలు వెంకయ్యగారు 1859లో రాఘవాపురమున డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందిన సంగతి, ఆనాడు వ్రాసి పంపినవారుండుటచేతనే నేడు మనకు తెలియుచున్నది. ఆ మిషనువారి ఉత్తరములు ఇంగ్లాండులో బర్మింగుహాము విశ్వవిద్యాలయమందు భద్రముగా నున్నవి. దొరల ఉత్తరములు భద్రముగా నుండగా, మన అవ్వల ఉత్తరములు చెదలపాలు కావలెనా?

అందుచేత మూడు పనులు చేయుదము. మొదటిది, పాత కార్డులను చింపవద్దు. బిళ్లకొరకు మూల కత్తిరించిన ముద్రయు తేదీయు పోవును. రెండవది, వ్రాసినవారి పేరు, చేరినవారి పేరు, పల్లె, పోస్టాఫీసు, తేదీ ఒక నోటు పుస్తకములో ఎక్కించి సంఘములో నుంచుడి; ఇంటి గుట్టు ఎక్కించవద్దు, చిరునామా చాలును. మూడవది, ఊరి పెద్దమ్మలయొద్ద కూర్చుండి, "ఈ పేట ఎక్కడమ్మా? ఆ మనుష్యులు ఎటు పోయినారమ్మా?" అని అడుగుడి. ఆ జవాబు చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

తప్పిపోయిన ఒక్క గొఱ్ఱెకొరకు వెదకిన కాపరిని ఎరిగినవారము మనము. తొంబదితొమ్మిది ఉన్నవి గదా యని ఆయన లెక్క ముగింపలేదు. ఈ ఆదివారము గుడినుండి వచ్చిన పిమ్మట ఆ పెట్టెను దించుడి. ఎవరి పల్లెయో మీ చేతిలో దొరకును గాక.