తెలుగింటి శుద్ధిద్రవ్యములు

ఏ వస్తువును ఏ ద్రవ్యముతో శుభ్రపరచవలెనను విచారము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. మనుస్మృతి పంచమాధ్యాయమునందలి ద్రవ్యశుద్ధి ప్రకరణమును ఆచారదృష్టితో గాక పదార్థవిజ్ఞానదృష్టితో చదివినవారికి అందొక సూక్ష్మమైన వివేచన గోచరించును. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము అను లోహములను వాని వాని స్వభావము ననుసరించి క్షారముతోను, ఆమ్లముతోను, నీటితోను శుద్ధి చేయవలెననియు, కంబళములకు కుంకుడుకాయయు, క్షౌమవస్త్రములకు తెల్లయావాలును తగుననియు, ఇంటిని ఊడ్చి అలుకవలెననియు ఆ గ్రంథము విధించుచున్నది. అన్నిటికిని ఒకే ద్రవ్యము చాలునని అందెచ్చటను చెప్పబడలేదు. మాలిన్యమెట్టిదో, అది అంటిన వస్తువెట్టిదో ఎరిగి, తదనుగుణమైన దానిని ఎన్నుకొనుటయే శుద్ధి యను భావము ఆ విధులన్నిటికిని మూలమని నా అభిప్రాయము.

ఈ వివేచన గ్రంథస్థమై నిలిచిపోలేదు. తెలుగింటి పెరటిలో నిన్నమొన్నటివరకు సజీవముగా నుండెను. కట్టెలపొయ్యిలోని బూడిదయందు పొటాసియం కార్బొనేటు అను క్షారము కలదు. కొబ్బరిపీచుతో ఆ బూడిదనద్ది అంట్లు తోమునప్పుడు క్షారము జిడ్డును విడదీయగా, బూడిదలోని సన్నని రేణువులు అడుగంటిన మాడును గీచివేయును. రాగిబిందెకు పట్టిన నల్లని చిలుము బూడిదకు లొంగదు; దానికి చింతపండు కావలెను. చింతపండులోని టార్టారికామ్లము ఆ చిలుమును కరిగించుటచేతనే పులుసుతో రుద్దిన బిందె క్షణములో ఎఱ్ఱబారును. చాకలివారు చవుటినేలలపై వేసవిలో తేలు తెల్లని పొరను గోకి తెచ్చి నీటిలో కలిపి, ఆ నీటిలో బట్టలను నానవైచి, బానమీద ఆవిరిపట్టెడివారు. ఆ పొరలో నున్నది ముఖ్యముగా సోడాక్షారమే. మచిలీపట్నం, పెడన ప్రాంతముల అద్దకపువారు వస్త్రమును తెల్లబరచుటకు పేడనీటిలో నానబెట్టి, ఏటినీటిలో ఉతికి ఎండవేయుట నేటికిని చూడవచ్చును.

వీనిలో నెల్ల కుంకుడుకాయ నాకు మిక్కిలి ఆదరపాత్రము. ఎండిన కాయను రాతిమీద చితుకగొట్టి, నల్లని గింజను తీసివైచి, పెచ్చును వేడినీటిలో నానవైచి పిసికినచో, తేనెవన్నె రసము మీద చిక్కని నురుగు లేచును. ఆ నురుగునకు కారణము సపోనిన్ అను పదార్థము. దాని యణువునకు ఒకకొన నీటిని, మఱియొకకొన జిడ్డును పట్టుకొను గుణము కలదు. తీవ్రక్షారము లేనందున ఆ రసము పట్టుచీర మెఱుగును చెఱుపదు. బంగారునగల సందులలోని మురికిని ఒరపిడి లేకయే వదలించును. తలంటికి, నగలకు, పట్టునకు ఒకే కాయ ఉపకరించుట మన గృహిణులు కనుగొన్న విశేషము.

1791లో ఫ్రాన్సు దేశమున నికొలా లెబ్లాం అను వైద్యుడు ఉప్పునుండి సోడాను చేయు విధానమునకు ప్రత్యేకహక్కు పొందుటతో శుద్ధిద్రవ్యముల చరిత్ర మలుపు తిరిగెను. సబ్బు చవుకయ్యెను, కాని సోడా కర్మాగారములనుండి వెలువడిన హైడ్రోక్లోరికామ్లపు పొగలు చుట్టుపట్ల చెట్లను మాడ్చివేయగా, 1863లో బ్రిటిష్ పార్లమెంటు ఆ పొగలను అరికట్టుటకు శాసనము చేయవలసివచ్చెను. చవుకయైన శుభ్రతకు వెల మఱియొకరు చెల్లించుట అప్పుడే ఆరంభమైనది. తరువాత కృత్రిమ డిటర్జెంట్లు వచ్చెను. వానిలో మొదటి రకములు నీటిలో త్వరగా విచ్ఛిన్నము గాకుండుటచే 1950ల నాటికి ఐరోపా నదులు నురుగులు గ్రక్కెను. పశ్చిమ జర్మనీ 1961లో వానిపై చట్టము చేసెను. మన దేశమున 1969లో అహమ్మదాబాదునందు కర్సన్‌భాయి పటేల్ ప్రారంభించిన నిర్మా పొడి, వెల తక్కువగుటచే, సామాన్యుల యింటికి డిటర్జెంటును చేర్చెను. బానలు మోసి, బండలపై బాది నడుములు విరిగిన వారి శ్రమను అది తగ్గించినదను సత్యమును మఱువరాదు. ఐనను ఫాస్ఫేటులుగల పొడుల నీరు చెరువులను చేరినప్పుడు నాచును, గుఱ్ఱపుడెక్కను పెంచి, చేపలకు ప్రాణవాయువును లేకుండ చేయును.

ప్రాచీనమైనదెల్ల నిర్దోషమని నేననను. పేడలో ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవుల బీజములుండవచ్చును. బాలింతయింట శిశువు బొడ్డునకు దానిని తాకనీయరాదు. కలరా నాళ్లలో బావులను కాపాడినది బ్లీచింగు పొడియే గాని పసుపునీరు కాదు. నిమ్మతొక్కలు, బెల్లము, నీరు కలిపి మూడు నెలలు పులియబెట్టిన ద్రవమును నేడు సర్వరోగనివారిణిగా కొనియాడుచున్నారు; అది ప్రధానముగా పలుచని ఆమ్లము, గచ్చుమీది నీటిచారలకు చక్కగా పనిచేయును, రోగియున్న గదికి చాలదు. కుంకుడురసము సైతము చేపలకు విషమే. వాడినపిదప చెరువులో గాక చెట్టుపాదులో పోయవలెను.

పాఠకులకు నా విన్నపములు రెండు. స్నానపుగదిలో యాసిడ్‌ను, బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపకుడు. ఆ కలయికవలన పుట్టు క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దహించును. మెట్టపొలము గలవారు గట్లపై కుంకుడుమొక్కలు నాటుడు. నీరు తక్కువైనను బ్రతుకు చెట్టది, మీ మనుమల కాలమునకును కాయలిచ్చును.