సూక్ష్మ రుణాలు: తెలుగు నేల మీద అప్పు, పొదుపు, వ్యాపారం

తాకట్టు పెట్టడానికి పొలం గానీ బంగారం గానీ లేనివాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఉమ్మడి పూచీ మీద ఇచ్చే చిన్న అప్పును సూక్ష్మ రుణం అంటారు. భారతదేశంలో ఈ పద్ధతికి పుట్టిల్లు ఒక్క రాష్ట్రమని చెప్పలేం. కానీ అది అన్నిటికన్నా వేగంగా పెరిగిందీ, అన్నిటికన్నా గట్టి దెబ్బ తిన్నదీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. రోజుకో రూపాయి దాచిన పొదుపు సంఘాలు ఒకవైపు, షేర్ మార్కెట్ దాకా ఎక్కిన ప్రైవేటు కంపెనీలు మరోవైపు ఒకే ఊళ్ళో, చాలాసార్లు ఒకే గడపలో పనిచేశాయి. వ్యాపారం పేదరికాన్ని తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఇచ్చినంత సూటి జవాబు పుస్తకాల్లో దొరకదు.

షావుకారు తర్వాత ఎవరు?

పేదవాడికి అప్పు పుట్టించడం ఎలా అన్న ఆలోచన ఇక్కడ కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ నికల్సన్ యూరప్ వెళ్ళి చూసివచ్చి, 1895లోనూ 1897లోనూ నివేదికలు ఇచ్చాడు. జర్మనీలో రైఫైజన్ నడిపిన పల్లె పరపతి సంఘాల తరహాలో ఇక్కడా సంఘాలు పెట్టాలన్నది ఆయన సలహా. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. అయినా పల్లెలో వడ్డీ వ్యాపారి చోటు కదల్లేదు. 1951-52 లెక్కలతో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో, సాగుదారుల అప్పుల్లో సహకార సంఘాలు ఇచ్చింది 3 శాతం, వాణిజ్య బ్యాంకులు ఇచ్చింది 1 శాతం లోపే అని తేలింది.

1969లో 14 బ్యాంకుల జాతీయకరణ, 1975లో గ్రామీణ బ్యాంకులు, 1982లో నాబార్డు వచ్చాయి. పల్లెల్లో శాఖలు తెరుచుకున్నాయి. పట్టా ఉన్న రైతుకు కొంత మేలు జరిగింది. కూలికి వెళ్ళే ఆడమనిషికి మాత్రం బ్యాంకు మెట్లు ఎత్తుగానే మిగిలాయి. ఐదారు వందల అప్పు కోసం ఫారం నింపి, పూచీదారును వెతికి, రెండు రోజుల కూలి పోగొట్టుకోవడం కన్నా షావుకారు ఇంటికి వెళ్ళడమే ఆమెకు చవక.

దూబగుంట నుంచి పొదుపు లక్ష్మి దాకా

కేంద్రం 1982లో పల్లె ఆడవాళ్ళ కోసం డ్వాక్రా పథకం ప్రారంభించింది. మొదటి పదేళ్ళలో అది మిగతా పథకాల్లో ఒకటిగానే నడిచింది. దానికి ఊపిరి పోసింది అధికారులు కాదు, నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు. 1990-91లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుబోతు మొగుడితో బతుకు గడిపే ఆడదాని కథ అది. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు మిగతా ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. ఆ తెగువ జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని ఏం చెయ్యాలి? నెల్లూరులోనే దానికి జవాబు దొరికింది. రోజుకో రూపాయి దాచే సంఘాలు పొదుపు లక్ష్మి పేరుతో ఊరూరా లేచాయి. అంతకుముందే కర్ణాటకలో మైరాడ సంస్థ స్వయం సహాయక సంఘాలను నడిపి చూపించింది. దాన్ని చూసి నాబార్డు 1992లో 500 సంఘాలను బ్యాంకులకు జోడించే ప్రయోగం మొదలుపెట్టింది. ఆ రెండు పాయలూ కలిసింది తెలుగు పల్లెల్లో.

సంఘం పనితీరు చూస్తే దాని బలం అర్థమవుతుంది. పది నుంచి పదిహేను మంది ఆడవాళ్ళు వారానికో నెలకో ఒకరింటి అరుగు మీద చేరతారు. ఒక్కొక్కరూ పొదుపు డబ్బు లీడరు చేతిలో పెడతారు, చదువొచ్చిన అమ్మాయి పుస్తకంలో రాస్తుంది. తర్వాత అప్పుల మాట వస్తుంది. ఒకరికి పిల్ల ఫీజు కట్టాలి, ఒకరికి గేదె కొనాలి. ఎవరి అవసరం ముందో అందరూ మాట్లాడుకుని తీర్మానం రాస్తారు. వడ్డీ ఎంతో కూడా వాళ్ళే పెట్టుకుంటారు. ఆ వడ్డీ మళ్ళీ సంఘం ఖాతాలోకే చేరుతుంది. ఇలా ఆరు నెలలు సక్రమంగా నడిస్తే బ్యాంకు అప్పు ఇస్తుంది.

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు సాయంతో ఆరు జిల్లాల్లో వెలుగు ప్రాజెక్టు మొదలైంది. ఊళ్ళో సంఘాలు కలిసి గ్రామ సమాఖ్య, అవి కలిసి మండల సమాఖ్య అయ్యాయి. 2004లో ప్రభుత్వం పావలా వడ్డీ ప్రకటించింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం మించిన వడ్డీ భారాన్ని ప్రభుత్వమే మోస్తుందన్నమాట. అదే ఊళ్ళో ఐదు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 60 శాతానికి, అప్పు తెచ్చుకునే కుటుంబానికి ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీల రాక

బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా ఊరిలో 42 మందికి 27 డాలర్లు ఇచ్చి మొదలుపెట్టిన ప్రయోగం 1983లో గ్రామీణ్ బ్యాంకుగా మారింది. ఇలాంటి ఆలోచనతోనే హైదరాబాదు, గుంటూరు కేంద్రాలుగా పలు సంస్థలు పుట్టాయి: విజయ్ మహాజన్ బేసిక్స్, ఉదయ్ కుమార్ షేర్, పద్మజా రెడ్డి స్పందన, అమెరికాలో పెరిగిన తెలుగువాడు విక్రమ్ ఆకుల 1997లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో మొదలుపెట్టిన ఎస్‌కేఎస్. చాలావరకు సేవాసంస్థలుగా మొదలై, తర్వాత ఫైనాన్సు కంపెనీలుగా మారాయి. లాభం వస్తేనే పెట్టుబడి వస్తుంది, పెట్టుబడి వస్తేనే కోట్ల మందికి అప్పు అందుతుంది అన్నది వాళ్ళ వాదం. ఆ రోజుల్లో ఈ వాదానికి మంచి ఆదరణ ఉంది. పేదలనే పెద్ద మార్కెట్‌గా చూడమని సి.కె. ప్రహ్లాద్ రాసిన పుస్తకం 2004లో వచ్చింది. హిందుస్తాన్ లీవర్ కంపెనీ శక్తి పథకాన్ని నల్లగొండ జిల్లా సంఘాల ఆడవాళ్ళతోనే మొదలుపెట్టింది. సబ్బులు, షాంపూ సాచెట్లు ఊళ్ళో అమ్మి కమీషన్ సంపాదించుకోవడం అందులో వాళ్ళ పని.

కంపెనీ అప్పు లెక్క ఇలా ఉండేది. 2006 ప్రాంతంలో హైదరాబాదు బస్తీల్లో స్పందన ఇచ్చే మొదటి అప్పు 10,000 రూపాయలు. వడ్డీ 12 శాతమని చెప్పేవారు. అసలూ వడ్డీ కలిపి 11,200, యాభై వారాల్లో వారానికి 224 చొప్పున కట్టాలి. వినడానికి రూపాయి వడ్డీ. కానీ ప్రతి వారం అసలు తరిగిపోతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే వేస్తారు కాబట్టి నిజంగా పడేది ఏడాదికి 24 శాతం, అంటే రెండు రూపాయల వడ్డీ. షావుకారు కన్నా ఇది తక్కువే, ఆ మాట ఒప్పుకోవాలి. చిక్కు వడ్డీ ఒక్కదానిలోనే లేదు. వారం తిరిగేసరికి డబ్బు చేతిలో ఉండాలి. ఒకరు కట్టకపోతే గుంపులో మిగతావాళ్ళు కట్టాలి. దాంతో వసూలు చేసే పని కంపెనీ మనిషి నుంచి పక్కింటామె మీదికి మళ్ళింది.

దీనికి డబ్బు ఎక్కడిది? ఎక్కువ భాగం బ్యాంకులదే. కంపెనీలకు ఇచ్చే అప్పు ప్రాధాన్య రంగం కింద లెక్కకు వచ్చేది. ఒక్కో సంఘం దగ్గరికీ తిరిగి అప్పు ఇవ్వడం కన్నా ఒక కంపెనీకి కోట్లలో ఇచ్చి లెక్క పూర్తి చేసుకోవడం బ్యాంకు మేనేజరుకు సులువు. కంపెనీకేమో సంఘాలు సిద్ధంగా ఉన్నాయి. పొదుపు అలవాటై, కంతు తప్పని మనుషులను ప్రభుత్వ ఖర్చుతో తయారుచేసి పెట్టిన ఊళ్ళలోకి వాళ్ళు అడుగుపెట్టారు.

2006 నుంచి 2010 దాకా

మొదటి హెచ్చరిక 2006లో కృష్ణా జిల్లాలో వచ్చింది. వడ్డీ ఎక్కువని, వసూళ్ళలో వేధింపులని ఫిర్యాదులు రాగా, జిల్లా అధికారులు రెండు పెద్ద సంస్థల శాఖలు దాదాపు యాభై మూయించారు. తర్వాత రాజీ కుదిరింది, వ్యాపారం మళ్ళీ పుంజుకుంది. అదే ఏడాది యూనస్‌కూ గ్రామీణ్ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి రావడంతో పెట్టుబడిదారుల ఉత్సాహం రెట్టింపైంది. ఒక్కో ఇంటికి నాలుగైదు కంపెనీల అప్పులు చేరాయి. సోమవారం ఒక కంతు, బుధవారం ఇంకో కంతు, ఒకదాన్ని తీర్చడానికి మరొకటి.

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కు వచ్చింది. షేరు ధర 985 రూపాయలు, సమీకరించింది 1,600 కోట్లకు పైగా. ఈ పద్ధతిని యూనస్ బహిరంగంగానే తప్పుపట్టారు. గ్రామీణ్ బ్యాంకు వాటాల్లో అత్యధిక భాగం అప్పు తీసుకున్న పేద ఆడవాళ్ళవే కాగా, ఇక్కడ లాభం మొదట వెళ్ళేది పెట్టుబడిదారుల దగ్గరికి. ఈ తేడాయే ఈ చరిత్రకంతటికీ కీలకం.

సంబరం రెండు నెలలు నిలవలేదు. వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయని పత్రికలు వరసగా రాశాయి. రోశయ్య ప్రభుత్వం అక్టోబరు 15న ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు జిల్లాల్లో నమోదు చేసుకోవాలి, కంతు వారానికి కాదు నెలకు తీసుకోవాలి, ఇంటి గడప తొక్కకూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు. 2011 మొదట్లో అది చట్టమైంది. 99 శాతం ఉండే వసూళ్ళు రాష్ట్రంలో పది శాతం దాకా పడిపోయాయి. ఎస్‌కేఎస్ షేరు 2012లో వంద రూపాయల కిందికి దిగింది.

లెక్కలు ఏం చెప్పాయి?

ఇంతకీ ఈ అప్పులతో పేదరికం తగ్గిందా? అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు పరిశోధకులు హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లోనే ముందుగా స్పందన శాఖలు తెరిపించి పోల్చి చూశారు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్ళు పెట్టుబడి పెంచుకున్నారు. ఇంటికి మన్నికైన వస్తువులు కొన్నారు, టీ, పొగాకులాంటి వాటి మీద ఖర్చు తగ్గించుకున్నారు. కానీ కుటుంబం మొత్తం ఖర్చు, ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటు, వీటిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 2015లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. బెనర్జీ, డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది.

నాణేనికి రెండో వైపూ చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో వసూళ్ళు ఆగి కంపెనీలు బయటి రాష్ట్రాల్లో కూడా అప్పులు తగ్గించాక అక్కడ ఏమైందో ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ పరిశీలించారు. అప్పు కరువైన జిల్లాల్లో రోజు కూలి రేట్లే పడిపోయాయి. అప్పు తీసుకోని కూలీకి కూడా నష్టం తగిలింది. అంటే ఈ అప్పు మహత్తూ కాదు, పనికిరానిదీ కాదు. దాన్ని అదుపు లేకుండా పెంచడం ఎంత తప్పో, ఒక్కసారిగా ఆపేయడమూ అంతే తప్పు.

లాభం ఊళ్ళోనే ఉంటే

వ్యాపారం అసమానత తగ్గించిన ఉదాహరణ కావాలంటే అప్పుల కంపెనీల దగ్గర కాదు, ముల్కనూరులో వెతకాలి. అప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఉందీ ఊరు. 1956లో అల్గిరెడ్డి విశ్వనాథరెడ్డి ఇక్కడ రైతుల సహకార సంఘం పెట్టారు. అది అప్పు ఇవ్వడంతో ఆగకుండా విత్తనం, ఎరువు, పంట అమ్మకం కూడా చేతిలోకి తీసుకుంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం సర్కారు పెత్తనం లేని సంఘాలకు దారి తెరిచింది. ఆ దారిలో వచ్చిందే 2002లో పాల సేకరణ ప్రారంభించిన ముల్కనూరు మహిళా డెయిరీ. సభ్యులంతా ఆడవాళ్ళే, పాలకవర్గమూ వాళ్ళదే. స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. మిగులు వస్తే, పోసిన పాల లెక్కన బోనసుగా వాళ్ళకే పంచుతారు. ఇక్కడ సభ్యురాలు అప్పు కట్టే మనిషే కాదు, సరుకు అమ్మే మనిషి, యజమాని కూడా.

2010 తర్వాత

తాను వేసిన మాలెగాం కమిటీ సిఫార్సులతో రిజర్వు బ్యాంకు 2011లో వడ్డీకి 26 శాతం హద్దు పెట్టి, ఈ కంపెనీలను ప్రత్యేక తరగతిగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో అత్యవసరానికి త్వరగా అప్పు అందించడానికి సమాఖ్యల సొంత సంస్థగా అదే ఏడాది స్త్రీనిధి ఏర్పడింది. ఐనా అన్ని ఖాళీలూ పూడలేదు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ పేరుతో అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన వ్యాపారుల దారుణం బయటపడింది. 2020 చివర్లో ఫోను యాప్‌ల అప్పులు, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసే వసూళ్ళు తెలంగాణలో ప్రాణాలు తీశాయి.

2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ హద్దు ఎత్తేసింది. బదులుగా, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం నెల ఆదాయంలో సగానికి మించి కంతులకు పోకూడదని నిబంధన పెట్టింది. 2023 ఫిబ్రవరిలో, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు 2011 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. దాంతో కంపెనీలకు మళ్ళీ దారి తెరుచుకుంది. అప్పు తీసుకునే ప్రతి మనిషికీ అసలు వడ్డీ ఎంతో, కంతులెన్నో, ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో తనకు అర్థమయ్యే భాషలో రాసిన కార్డు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లోనే ఉంది. ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదన్నదీ ఉంది. సంఘం సమావేశాల్లో ఈ రెండు మాటలూ చదివి వినిపించడం లీడర్లు వెంటనే చెయ్యాల్సిన పని.